టొరెంట్ రేషియో లెక్క: ఎంత తీసుకున్నారో, ఎంత తిరిగిచ్చారో చూసుకోవడం ఎలా

టొరెంట్లు, అంటే వాడేవాళ్ళే ఒకరికొకరు ముక్కలుగా పంచుకునే ఫైళ్ళు, దించుకోవడానికి క్యూబిట్‌టొరెంట్ గానీ ట్రాన్స్‌మిషన్ గానీ వాడేవాళ్ళకి ప్రతి ఫైలు దగ్గర 0.07 అనో, 0.63 అనో, 2.15 అనో ఒక చిన్న అంకె కనిపిస్తుంటుంది. అదే రేషియో. దాన్ని పట్టించుకోనివాళ్ళు డౌన్‌లోడ్ అవగానే ప్రోగ్రామ్ మూసేస్తారు. పట్టించుకునేవాళ్ళేమో అది 1 దాటలేదని టెన్షన్ పడుతూ రాత్రంతా లాప్‌టాప్ ఆన్‌లో ఉంచి పడుకుంటారు. కొన్నాళ్ళు మొదటి రకంగా, కొన్నాళ్ళు రెండో రకంగా నేనూ గడిపాను. ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో అర్థమయ్యాక రెండు అలవాట్లూ పోయాయి. కాబట్టి కింద చెప్పినట్టు ఒక చిన్న ఫైలుతో మొదలుపెట్టి మీ కంప్యూటర్‌లోనే చేసి చూడండి, చదివి వదిలేస్తే ఇది సగమే అర్థమవుతుంది.

ముందు లెక్క

లెక్క చాలా తేలిక. మీరు ఇతరులకు పంపిన డేటాను మీరు దించుకున్న డేటాతో భాగించండి. 700 ఎంబీ ఫైలు దించుకుని 350 ఎంబీ పంపితే 0.5, మొత్తం 700 ఎంబీ పంపితే 1, 1400 పంపితే 2. మీరే స్వయంగా టొరెంట్ తయారుచేసి మీ ఫైలు పంచుతుంటే దించుకున్నది సున్నా కాబట్టి కొన్ని ప్రోగ్రాములు ∞ గుర్తు చూపిస్తాయి, కొన్ని ఫైలు సైజుతో భాగించి ఒక అంకె చూపిస్తాయి. రెండింటిలో ఏది కనిపించినా కంగారు పడక్కర్లేదు.

అసలు మనం పంపడం ఏంటి, దించుకోవడానికే కదా వచ్చాం అంటారా? మామూలు వెబ్‌సైట్‌లో అయితే ఫైలు ఒక సర్వర్‌లో ఉంటుంది, వెయ్యిమంది వస్తే వెయ్యిమందికీ అదే మోయాలి. టొరెంట్‌లో ఫైలుని ముక్కలు చేస్తారు, మొదటి ముక్క మీ చేతికి వచ్చి సరిగ్గా ఉందని తేలగానే అది లేనివాళ్ళకి మీ కంప్యూటర్ ఇవ్వడం మొదలుపెడుతుంది, ఇంకా మీ ఫైలు పూర్తవకపోయినా సరే. పక్కింటి నుంచి తోడుకి చెంచాడు మజ్జిగ తెచ్చుకున్నట్టే ఇది. ఇచ్చినావిడ గిన్నె ఖాళీ అవదు, తెల్లారేసరికి మీ ఇంట్లోనూ పెరుగు ఉంటుంది, మర్నాడు ఎదురింటివాళ్ళు అడిగితే మీరు ఇవ్వగలరు. కానీ వీధిలో అందరూ తెచ్చుకునేవాళ్ళే అయి, ఇచ్చే ఇల్లు ఒక్కటే మిగిలితే ఆ ఇంటికి తాళం పడ్డ రోజున ఎవరికీ తోడు దొరకదు.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు, ముందే జరిగింది. టొరెంట్‌కి ముందు ఫైళ్ళు పంచుకోవడానికి న్యుటెల్లా అనే నెట్‌వర్క్ ఉండేది. 2000లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్‌లోని పరిశోధకులు ఇద్దరు దాన్ని గమనిస్తే దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలు కూడా పంచడంలేదని తేలింది, ఫైలు కోసం వెతికితే వచ్చే జవాబుల్లో దాదాపు సగం, అందరికంటే ఎక్కువ పంచే 1 శాతం కంప్యూటర్ల నుంచే వస్తున్నాయి. మరుసటి ఏడాది, 2001లో, బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ ఈ టొరెంట్ పద్ధతిని, అంటే బిట్‌టొరెంట్‌ని, రాసినప్పుడు తీసుకునేవాడు తీసుకుంటూనే ఇచ్చేలా దాన్ని కట్టాడు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నాకు రేషియో తక్కువ ఉంది కాబట్టే డౌన్‌లోడ్ స్పీడ్ రావట్లేదు అనుకుంటారు. కాదు. అవతలి కంప్యూటర్ మీ రేషియో ఎంతో చూడదు, దానికి ఆ సంగతి తెలియదు కూడా. అది చూసేది ఒక్కటే, ఈ కొద్ది సెకన్లలో నువ్వు నాకు ఎంత వేగంగా ఇస్తున్నావు అని. కోహెన్ పెట్టిన పద్ధతిలో ప్రతి 10 సెకన్లకీ ఈ లెక్క మళ్ళీ చూసుకుని బాగా ఇస్తున్న నలుగురైదుగురికి తలుపు తీస్తుంది, మిగతావాళ్ళకి మూసి ఉంచుతుంది. 30 సెకన్లకోసారి మాత్రం ఎవరో ఒక కొత్తవాళ్ళకి ఊరికే తలుపు తీస్తుంది, అలా తీయకపోతే చేతిలో ఒక్క ముక్క కూడా లేని కొత్తవాడు ఎప్పటికీ మొదలుపెట్టలేడు. అంటే దించుకునే సమయంలో అప్‌లోడ్‌ని సున్నా దగ్గరికి బిగించేస్తే నష్టం మీకే. కానీ నిన్నటి ఫైలులో మీ రేషియో 0.2 ఉందని ఈరోజు ఫైలు నెమ్మదించదు. రేషియో మీ ఖాతా పుస్తకం, అంతే. దాన్ని పట్టుకుని లోపలికి రానివ్వని చోట్లు వేరే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

అందరికీ 1 రాదు, రావడం కుదరదు

ఇది కాగితం మీద వేసి చూడండి. 6 జీబీ ఫైలు, మొదట అది ఒక్కరి దగ్గరే ఉంది, పదిమంది దించుకోవాలి. పదిమందీ కలిసి దించుకునేది 60 జీబీ. ఒకరు దించుకున్న ప్రతి ముక్కా ఇంకొకరు పంపిందే కాబట్టి పంపింది కూడా మొత్తం 60 జీబీయే. అందులో మొదటివాడు కనీసం ఒక పూర్తి కాపీ, అంటే 6 జీబీ, బయటికి పంపి తీరాలి, లేకపోతే ఆ ఫైలు ఎవరికీ పూర్తవదు. మిగిలిన 54 జీబీ పదిమందీ పంచుకుంటే సగటున 0.9. అదీ మొదటివాడు సరిగ్గా ఒకే కాపీ ఇచ్చి ఆగితే. అతను 30 జీబీ ఇస్తే మిగతా పదిమంది సగటు 0.5కి పడిపోతుంది. ఇందులో ఎవరిదీ పిసినారితనం లేదు, లెక్కే అంత.

ఇంకో మాట. ఆ పదిమందిలో ఆఖరున వచ్చినవాడికి ఎదురుచూసేవాళ్ళు ఎవరూ మిగలరు. అతను మూడు నెలలు కంప్యూటర్ ఆన్‌లో ఉంచినా 0.00 దగ్గరే ఉండొచ్చు. మొదటి గంటలో వచ్చినవాడు మూడు రోజుల్లో 4 దాటొచ్చు. ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళు అని ఆ అంకె చెప్పదు, ఎవరు ఎప్పుడు వచ్చారో చెబుతుంది. రేషియోని ఎప్పుడూ పక్కనున్న రెండు అంకెలతో కలిపి చదవాలి, ఫైలు మొత్తం ఉన్నవాళ్ళు ఎంతమంది, ఇంకా దించుకుంటున్నవాళ్ళు ఎంతమంది. ముందువాళ్ళని సీడర్లు అంటారు, రెండోవాళ్ళని లీచర్లు లేదా పీర్లు అంటారు.

ఇప్పుడు మొదలుపెట్టండి

సాధన కోసం డెబియన్ అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్, అంటే దాన్ని ఇన్‌స్టాల్ చేసే చిన్న ఫైలు, తీసుకోండి. డెబియన్ సైట్‌లో మామూలు డౌన్‌లోడ్ పక్కనే టొరెంట్ ఫైలు కూడా పెడతారు, సైజు 700 ఎంబీకి అటూఇటూగా ఉంటుంది, చట్టపరంగా ఏ ఇబ్బందీ లేదు, పంచమని వాళ్ళే అడుగుతారు. ఉబుంటు అనే ఇంకో లినక్స్ టొరెంట్ అయితే 6 జీబీ దాకా ఉంటుంది, లైను వేగంగా ఉంటే అదీ పనికొస్తుంది. ప్రోగ్రామ్ లేనివాళ్ళు క్యూబిట్‌టొరెంట్ వేసుకోండి, ఉచితం, ప్రకటనలు ఉండవు. ఉబుంటు వాడేవాళ్ళు ట్రాన్స్‌మిషన్ అయినా వేసుకోవచ్చు.

ప్రోగ్రామ్‌లో టొరెంట్ కలిపాక పైనున్న కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి రేషియో, అప్‌లోడెడ్, డౌన్‌లోడెడ్, అవైలబిలిటీ కాలమ్‌లు కనిపించేలా టిక్ పెట్టుకోండి. సీడ్స్ కాలమ్‌లో 5 (120) అని ఉంటే మీరు ఐదుగురితో కలిసి ఉన్నారని, మొత్తం గుంపులో 120 మంది సీడర్లు ఉన్నారని అర్థం. పీర్స్ కాలమ్‌నీ అలాగే చదవాలి. డెబియన్ లాంటి ఫైలుకి సీడర్లు వందల్లో ఉంటారు, దించుకునేవాళ్ళు ఏ క్షణంలోనైనా కొద్దిమందే. అందుకే మీ ఫైలు కొద్ది నిమిషాల్లో పూర్తయ్యి రేషియో మాత్రం 0.02 దగ్గర నిలబడిపోతుంది. ఇది చూసే కొత్తవాళ్ళు తమ సెట్టింగుల్లో ఏదో తప్పుందని గంటలు పోగొట్టుకుంటారు. తప్పేం లేదు, అడిగేవాళ్ళు తక్కువ, ఇచ్చేవాళ్ళు ఎక్కువ. రేషియో పెరగడం కళ్ళారా చూడాలనుంటే ఉబుంటు కొత్త వెర్షన్ వచ్చే రోజున, అంటే ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో, విడుదలైన మొదటి గంటల్లో వెళ్ళండి. అప్పుడు లీచర్లు గుంపుగా ఉంటారు, మీరిచ్చే ప్రతి ముక్కకీ ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు.

లైను స్పీడ్ లెక్కేసుకోవడం

ఇంటర్నెట్ ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అని ఉంటే అవి బిట్లు. టొరెంట్ ప్రోగ్రామ్ చూపించేది బైట్లు. 8తో భాగించాలి, అంటే సెకనుకు 12.5 ఎంబీ. ఇంకో సంగతి, డౌన్‌లోడ్ 100 ఇచ్చి అప్‌లోడ్ అందులో పదో వంతు కూడా ఇవ్వని లైన్లు చాలా ఉన్నాయి, మన ఊళ్ళలో కేబుల్‌వాళ్ళు ఇచ్చే కనెక్షన్లలో ఇది మరీ ఎక్కువ. టొరెంట్ ఆపేసి ఏదైనా స్పీడ్ టెస్ట్ పెట్టి రెండు అంకెలూ రాసుకోండి.

అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వచ్చిందనుకుందాం, సెకనుకు 625 కేబీ. దాన్ని మొత్తం టొరెంట్‌కి ఇచ్చేయకూడదు. ఎందుకంటే మీరు ఏ డేటా దించుకున్నా ‘అందింది’ అని చిన్న రసీదులు పైకి వెళ్ళాలి, అప్‌లోడ్ దారి టొరెంట్‌తో కిక్కిరిసిపోతే ఆ రసీదులు క్యూలో ఇరుక్కుంటాయి, డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది, పక్క గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంది, తిట్లు మీకే. వచ్చినదానిలో 80 శాతం దగ్గర ఆపండి, ఇక్కడ 500 కేబీ. క్యూబిట్‌టొరెంట్‌లో టూల్స్ మెనూలోంచి ప్రిఫరెన్సెస్ తెరిచి స్పీడ్ పేజీలో అప్‌లోడ్ గడిలో ఆ అంకె వేయండి. అక్కడే రెండో జత వేగాలు, వాటికి టైమ్ పెట్టుకునే వీలు కూడా ఉంటాయి. పగలు 200, రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా 500 అని పెట్టేస్తే ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. ట్రాన్స్‌మిషన్‌లో దీనికి తాబేలు గుర్తు ఉంటుంది.

ఇప్పుడు రేషియో 1కి ఎంతసేపు పడుతుందో మీరే చెప్పుకోవచ్చు. 6 జీబీ ఫైలు 12.5 ఎంబీ వేగంతో 8 నిమిషాల్లో దిగుతుంది. అదే 6 జీబీని 500 కేబీ వేగంతో తిరిగివ్వాలంటే 12,000 సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు, అదీ ప్రతి సెకనూ అడిగేవాడు ఉంటే. ఎనిమిది నిమిషాల్లో వచ్చినదాన్ని తిరిగివ్వడానికి మూడు గంటలపైనే. అందుకే డౌన్‌లోడ్ అవగానే మూసేస్తే రేషియో ఎప్పుడూ 0.1 లోపే ఉంటుంది.

డేటా ప్యాక్ సంగతి మర్చిపోవద్దు

హాస్టల్‌లో ఉన్నప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ మీద టొరెంట్ పెట్టి పడుకున్నాను. రోజుకి 1.5 జీబీ ప్యాక్, నేను దించుకున్నది 400 ఎంబీ ఫైలు, ఇంకా జీబీకి పైనే మిగలాలి కదా. పొద్దున లేచేసరికి ప్యాక్ మొత్తం అయిపోయింది. ఫైలు దిగాక రాత్రంతా అది అప్‌లోడ్ అవుతూనే ఉంది. పంపినది కూడా ప్యాక్‌లోంచే పోతుందని నాకు ఆ పొద్దునే తెలిసింది. ఆ రోజు పరీక్ష హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సి ఉంది, పక్క గది అబ్బాయి హాట్‌స్పాట్ ఇస్తే గానీ పని అవలేదు.

కాబట్టి మొబైల్ డేటా మీద సీడింగ్, అంటే ఫైలు దిగాక ఇతరులకి పంచడం, పెట్టకండి. దించుకోక తప్పకపోతే రేషియో పరిమితి 0.2 లాంటిది పెట్టుకుని, ఇంటికొచ్చి వైఫై దొరికాక మళ్ళీ మొదలుపెట్టండి. ఫైబర్ ప్లాన్లలో ‘అన్‌లిమిటెడ్’ అన్నా చాలావాటికి నెలకు 3300 జీబీ లాంటి హద్దు ఒకటి ఉంటుంది, మామూలు ఇంటి వాడకానికి అది చాలా ఎక్కువే, అయినా మీ ప్లాన్‌లో ఎంతో ఒకసారి చూసుకోండి, అప్‌లోడ్ కూడా అందులోకే వస్తుంది.

తలుపు మూసి ఉందా

సీడింగ్ పెట్టారు, లీచర్లు ముప్ఫైమంది కనిపిస్తున్నారు, అయినా అప్‌లోడ్ సున్నా. ఇదొక్కటే నిజంగా సెట్టింగులు చూడాల్సిన సందర్భం. క్యూబిట్‌టొరెంట్ కింది పట్టీలో కనెక్షన్ గుర్తు ఒకటి ఉంటుంది, మౌస్ దాని మీద పెడితే ఆన్‌లైన్ అనో, నేరుగా కనెక్షన్లు లేవు అనో చెబుతుంది. రెండోది వస్తే బయటివాళ్ళు మిమ్మల్ని చేరలేకపోతున్నారని అర్థం.

ముందు ప్రిఫరెన్సెస్‌లో కనెక్షన్ పేజీకి వెళ్ళి యూపీఎన్‌పీ, అంటే రౌటర్‌లో దారిని ప్రోగ్రామే తెరిపించుకునే సౌకర్యం, దానికి టిక్ ఉందో లేదో చూడండి, రౌటర్‌లో కూడా అది ఆన్‌లో ఉండాలి. చాలాసార్లు ఇంతతో అయిపోతుంది. విండోస్ ఫైర్‌వాల్ మొదటిసారి అడిగినప్పుడు మీరు కంగారులో క్యాన్సిల్ కొట్టి ఉంటే అక్కడికెళ్ళి అనుమతి ఇవ్వండి.

అయినా తెరుచుకోలేదా? రౌటర్ పేజీ తెరిచి అక్కడ వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కి ఇంటర్నెట్‌వాళ్ళు ఇచ్చిన అడ్రస్, ఎంతుందో చూడండి, తర్వాత బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికి వచ్చిన అంకెతో పోల్చండి. రెండూ వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా, 10తో మొదలైనా మీ ఇంటర్నెట్‌వాళ్ళు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్ళకి కలిపి వాడుతున్నారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉండి ఫ్లాట్ నంబర్లు పోస్ట్‌మ్యాన్‌కి తెలియనట్టు అన్నమాట. మన దగ్గర మొబైల్ నెట్‌వర్కుల్లో, చాలా బ్రాడ్‌బ్యాండ్లలో ఇదే పరిస్థితి, మీరు రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. రెండు దారులున్నాయి. మీ ఇంటర్నెట్‌వాళ్ళు ఐపీవీ6, అంటే కొత్త రకం అడ్రస్, ఇస్తుంటే రౌటర్‌లో, కంప్యూటర్‌లో అది ఆన్ చేయండి, అవతల కూడా ఐపీవీ6 ఉన్నవాళ్ళు మిమ్మల్ని చేరే అవకాశం పెరుగుతుంది. లేదా పబ్లిక్ ఐపీ ఇస్తారేమో అడగండి, కొందరు నెలకు కొంత డబ్బు తీసుకుని ఇస్తారు. కేవలం టొరెంట్ కోసం ఆ డబ్బు కట్టమని నేను చెప్పను. ఎందుకంటే తలుపు మూసి ఉన్నా మీరు బయటికి వెళ్ళి ఇతరుల తలుపు తట్టవచ్చు, ఒకసారి కలిస్తే ఆ దారిలోనే మీ ముక్కలూ వెళ్తాయి. రెండు వైపులా తలుపులు మూసి ఉన్నప్పుడే కలవడం కష్టం. రేషియో నెమ్మదిగా పెరుగుతుంది, ఆగిపోదు.

ఎక్కడ ఆపాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గుంపులో సీడర్లు పదుల్లో, వందల్లో ఉంటే 1 దగ్గర ఆపండి, లేదా వారం రోజులు ఉంచి 0.1 అయినా సరే ఆపేయండి. అక్కడ మీరు వెళ్ళిపోయినా ఎవరికీ తేడా ఉండదు, కరెంటు వృథా. క్యూబిట్‌టొరెంట్ ప్రిఫరెన్సెస్‌లో బిట్‌టొరెంట్ పేజీ కింద సీడింగ్ లిమిట్స్ ఉంటాయి, రేషియో ఇంత చేరినప్పుడు, ఇన్ని నిమిషాలు సీడ్ చేసినప్పుడు అని రెండూ పెట్టుకోవచ్చు, ఏది ముందు వస్తే అదే పనిచేస్తుంది. పక్కనే అప్పుడు ఏం చేయాలి అని ఒక ఎంపిక ఉంటుంది, అందులో టొరెంట్‌ని ఆపడమే ఎంచుకోండి. టొరెంట్‌తో పాటు ఫైళ్ళు కూడా తీసేయమనే ఎంపిక ఒకటి ఆ జాబితాలోనే ఉంటుంది, పొరపాటున అది నొక్కితే 1 చేరిన మరుక్షణం మీ ఫైలు మాయమవుతుంది. ట్రాన్స్‌మిషన్‌లో పరిమితి పెట్టుకుంటే మొదట 2 అని కనిపిస్తుంది, మీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు.

ఇక ఫైళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. దిగిన ఫోల్డర్ పేరు మార్చినా, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వేరే డ్రైవ్‌కి లాగేసినా సీడింగ్ అక్కడితో ఆగిపోతుంది, ప్రోగ్రామ్‌కి ఫైలు కనిపించదు. మార్చాలంటే ప్రోగ్రామ్ లోపలే రైట్ క్లిక్ చేసి లొకేషన్ మార్చండి. ఇప్పటికే బయట మార్చేసి ఉంటే లొకేషన్ సరిచేసి ఫోర్స్ రీచెక్ కొట్టండి, ప్రతి ముక్కనీ మళ్ళీ సరిచూసుకుని 100 శాతం చూపిస్తుంది. ఇదే పద్ధతి ఇంకో మంచి పనికి వస్తుంది. ఊళ్ళో నెట్ నెమ్మదిగా ఉన్న స్నేహితుడికి ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయండి, అతను అదే టొరెంట్ కలిపి ఆ ఫోల్డర్ చూపించి రీచెక్ చేస్తే ఒక్క ఎంబీ దించుకోకుండా సీడర్ అయిపోతాడు.

రేషియో చూసి లోపలికి రానిచ్చే చోట్లు

ట్రాకర్ అంటే ఒక ఫైలు పంచుకునేవాళ్ళని ఒకరికొకరిని కలిపే సర్వర్. ప్రైవేట్ ట్రాకర్లు అని ఉంటాయి, ఆహ్వానం ఉంటేనే చేరగలం. అక్కడ ఒక్కో ఫైలుది కాదు, మీ ఖాతా మొత్తం రేషియో చూస్తారు, వాళ్ళు పెట్టిన హద్దు కంటే పడిపోతే డౌన్‌లోడ్ ఆపేస్తారు. ఫ్రీలీచ్ అని గుర్తు ఉన్న ఫైళ్ళలో మీరు దించుకున్నది లెక్కలోకి రాదు, పంపింది మాత్రం వస్తుంది, కొత్తవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. దించుకుని వెంటనే పారిపోవడాన్ని హిట్ అండ్ రన్ అంటారు, రేషియో బాగున్నా దానికి విడిగా శిక్ష ఉంటుంది.

ఈ లెక్క వాళ్ళకి ఎలా తెలుస్తుందంటే మీ ప్రోగ్రామే ట్రాకర్‌కి చెబుతుంది. ఇంత పంపాను, ఇంత తీసుకున్నాను, ఇంకా ఇంత మిగిలింది అని, మామూలుగా అరగంటకోసారి. మూసేటప్పుడు చివరి లెక్క ఒకటి వెళ్తుంది. అందుకే టాస్క్ మేనేజర్‌లోంచి బలవంతంగా చంపేయకుండా ఫైల్ మెనూ నుంచి మూయండి, లేకపోతే చివరిగా పంపినది లెక్కలో పడకపోవచ్చు. మనమే చెప్పే లెక్క కదా అని అబద్ధపు అంకెలు పంపే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళకండి. ఒకరు పంపింది ఇంకొకరు తీసుకున్నదే కాబట్టి గుంపు మొత్తం కూడితే తేడా బయటపడుతుంది, పోయేది ఖాతా. అంతకంటే ముఖ్యంగా, ఇవ్వనిదాన్ని ఇచ్చానని రాసుకోవడం చదివింపుల పుస్తకంలో దొంగ పద్దు రాయడం లాంటిది.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా అప్‌లోడ్‌తో ముడిపడి ఉంది. టొరెంట్ వాడటం నేరం కాదు. కానీ కొత్త సినిమా దించుకుంటున్నప్పుడు మీరు కేవలం చూడటానికి తెచ్చుకోవట్లేదు, రేషియో 0.1 ఉన్నా పదో వంతు సినిమాని ముక్కలుగా ఇతరులకి పంచారు, ఆ అంకె దానికి మీరే రాసిచ్చిన లెక్క. మన కాపీరైట్ చట్టం, 1957లో 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చదువుకి జర్మనీ వెళ్ళే మన పిల్లలకి ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. అక్కడ హక్కుదారుల తరఫు లాయర్లు గుంపులో ఉన్న ఐపీ అడ్రస్‌లు చూసి ఇంటికి అబ్‌మానుంగ్ అనే నోటీసు పంపుతారు, వందల యూరోలు కట్టమని ఉంటుంది, ఇంటి ఓనర్ పేరు మీద కనెక్షన్ ఉంటే ఉత్తరం ఆయనకే వెళ్తుంది. లినక్స్ ఇమేజ్‌లు, లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్ ఆర్కైవ్ స్వయంగా ఇచ్చే టొరెంట్లు, రచయిత పోయి 60 ఏళ్ళు దాటి కాపీరైట్ తీరిపోయిన మన పాత పుస్తకాల స్కాన్లు, పంచుకోవడానికి ఇవే బోలెడు. దేశం మారితే గడువు లెక్క కూడా మారుతుంది, అది చూసుకోండి.

అరుదైన ఫైలు దొరికితే

చివరిగా అవైలబిలిటీ కాలమ్. ఇప్పుడు మీకు కనిపిస్తున్న గుంపులో ఎన్ని పూర్తి కాపీలు ఉన్నాయో అది చెబుతుంది. 14.3 ఉంటే నిశ్చింత. 1.0 ఉంటే ఒకే ఒక్కడి మీద ఆధారపడి ఉన్నారు. 0.94 ఉంటే ఎంతసేపు ఆగినా ఫైలు 94 శాతం దాటదు, ఆ మిగతా 6 శాతం ముక్కలు గుంపులో ఎవరి దగ్గరా లేవు.

మా స్నేహితులం కొందరం కలిసి కాపీరైట్ తీరిన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఒక ఫోల్డర్‌గా చేసి టొరెంట్‌గా పంచుకున్నాం. రెండేళ్ళ తర్వాత నా హార్డ్ డిస్క్ పోయి మళ్ళీ దించుకోబోతే అచ్చం ఇలాగే 94 దగ్గర ఆగింది. గుంపులో ఆరుగురం ఉన్నాం, ఆరుగురమూ 94 దగ్గరే. ఒకరి దగ్గర లేని ముక్క ఇంకొకరి దగ్గరా లేదు. పదకొండు రోజులు అలాగే వదిలేశాను. ఒక సాయంత్రం పూర్తి కాపీ ఉన్నవాళ్ళెవరో కంప్యూటర్ ఆన్ చేశారు, అరగంటలోపే అందరికీ 100 అయింది. వాళ్ళు మా అందరికీ కలిపి పంపాల్సి వచ్చింది ఆ లేని 6 శాతమే, మిగతా పంపకం మేమే చేసుకున్నాం. ఆ రోజు వాళ్ళ రేషియోకి కలిసింది మహా అయితే 0.1, 0.2. కానీ వాళ్ళు రాకపోతే ఆ ఫోల్డర్‌కి దిక్కు లేదు.

అందుకే సీడర్లు ఇద్దరో ముగ్గురో ఉన్న ఫైలు మీ దగ్గరుంటే 1 దాటిందా 5 దాటిందా అని చూడకండి. దాని మీద రైట్ క్లిక్ చేసి టొరెంట్ ఆప్షన్స్‌లో ఆ ఒక్కదానికి మాత్రం రేషియో పరిమితి, సమయం పరిమితి రెండూ తీసేయండి. లాప్‌టాప్ ఇరవైనాలుగ్గంటలూ ఆన్‌లో ఉంచక్కర్లేదు, మీరు ఎలాగూ పనిచేసుకునే రెండు మూడు గంటలు ప్రోగ్రామ్ వెనకాల నడుస్తుంటే చాలు, రోజూ దాదాపు ఒకే సమయానికి అయితే ఇంకా మంచిది, ఎదురుచూసేవాళ్ళు ఆ టైమ్‌కి దొరుకుతారు. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ పాతది ఏదైనా మూల పడి ఉంటే దానికి ఒక హార్డ్ డిస్క్ తగిలించి ట్రాన్స్‌మిషన్ వేసి రౌటర్ పక్కన పెట్టేయొచ్చు, కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. అలాంటి ఫైళ్ళన్నిటికీ క్యూబిట్‌టొరెంట్‌లో ఒక కేటగిరీ పెట్టుకోండి, డిస్క్ నిండినప్పుడు తొందరలో డిలీట్ చేసే జాబితాలోకి అవి రాకుండా ఉంటాయి.

ఆ పుస్తకాల ఫోల్డర్ ఇప్పుడు మా ఇంట్లో అలాగే నడుస్తోంది. పొద్దున చూశాను, సీడర్లు నలుగురు, లీచర్లు ఎవరూ లేరు, నా రేషియో 0.31.